పోటు దారిలో వల

ఉత్తర అమెరికా పశ్చిమతీరమున, నేటి వాషింగ్టను రాష్ట్రమునకును కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకును నడుమ, జువాన్ డి ఫూకా యను జలసంధి పసిఫిక్ మహాసముద్రమునుండి తూర్పుగా చొచ్చుకొనివచ్చి, శాన్ హువాన్ ద్వీపముల నానుకొని హారో, రొసారియో అను ఇరుకుదారులుగా చీలి, ఉత్తరమునకు మరలి జార్జియా జలసంధిలో కలియుచున్నది. బ్రిటిష్ కొలంబియాలోని ఫ్రేజరు నదీజలములలో పుట్టి, సముద్రమున పెరిగి, సాధారణముగా నాలుగవ యేట గ్రుడ్లు పెట్టుటకై పుట్టినచోటికి మరలిపోవు సాకై సాల్మను చేపకు ఇది అనాదిగా వచ్చుచున్న త్రోవ. గోదావరికి ఎర్రనీరు దిగగానే కడలినుండి ఎదురీదివచ్చు పులస నెరిగిన తెలుగువారికి ఈ ప్రయాణము వింతగా తోపదు. అయితే పులసవేట నదిలోనే పేరుగాంచినది; ఇచ్చట నేను చెప్పబోవు వేట మాత్రము చేప నదీముఖమును చేరకమున్నే, ఉప్పునీటిలో, ఆటుపోట్ల నడుమ సాగినది.

ఆ తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు ఆటులు. వాని యెత్తులు సమానములు కావు. చంద్రగతి ననుసరించి వాని వేళ నాడునాటికి సుమారు 50 నిమిషములు జరుగుచుండును. మహాసముద్రమునుండి లేచిన పోటు ద్వీపముల నడిమి ఇరుకులలో బడి వేగము పుంజుకొని, మొనలను తాకి విరిగి, వాని వెనుక సుళ్లుగా తిరుగును. సాకై గుంపులు ఆ పోటుతో కలిసి ఉత్తరమునకు సాగును. నీరు వెనుకకు తీయునపుడు అఖాతముల యొడ్డున, మొనల చాటున నిలిచి, మరుసటి పోటుకై వేచియుండును. కావున ఏ మొనయొద్ద ఏ వేళకు నీరు ఎటు తిరుగునో తెలిసినవానికి చేపను వెంబడింపవలసిన పని లేదు. లమ్మీ, సమిష్, సానిచ్ మున్నగు సాలిషు జాతులవారు తరతరములుగా ఆర్జించిన విద్య యిదియే. దాని ఫలమే తెల్లవారు రీఫ్ నెట్ అని పిలిచిన వల.

రెండు పొడవైన దోనెలను, సరియైన యెడముతో, ప్రవాహపు దారిలో బండరాళ్ల లంగరులతో నిలిపి, వాని నడుమ విల్లోచెట్టు బెరడునారతో అల్లిన వలను వ్రేలాడదీసెడివారు. వలకు ముందు, నీరు వచ్చు దిక్కున, సెడారు త్రాళ్లతో కట్టిన విశాలమైన దారి యొకటి యుండెడిది: వెలుపలి కొసన లోతుగా, వెడల్పుగా మొదలై, వలను సమీపించుకొలది ఇరుకై పైకి లేచెడిది. దాని అడుగున అడ్డముగా కట్టిన త్రాళ్లకు ఇసుకతిన్నెలమీద మొలచు గడ్డిపోచలను గ్రుచ్చెడివారు. ప్రవాహమున ఆ గడ్డి ఊగులాడుచుండగా, పోటుతో కొట్టుకొనివచ్చు చేపకు అది సముద్రపు నేలయే యనిపించెడిది. నేల మెరకయగుచున్నదని తలచి అదియును పైకి లేచెడిది, లేచి తిన్నగా వలమీదికి వచ్చెడిది. దట్టమైన సముద్రపు నాచు పెరిగిన చోట్ల ఆ నాచులోనే దారి కోసి విడిచెడివారు.

దోనె వెనుకకొసన నిలిచి కన్నార్పక నీటిలోనికి చూచుచుండు నాయకుడు, మనవారి వాడుకలో తండేలనదగినవాడు, గుంపు వలపైకి వచ్చిన క్షణమున కేక వేసెడివాడు. లంగరుత్రాళ్లు సడలింపగానే పోటే దోనెల నొకదాని కొకటి చేర్చెడిది. మనుష్యులు వలను గుంజి చేపలను దోనెలోనికి దొర్లించెడివారు. నీరు నిలిచిపోయినపుడు ఈ వలకు ప్రాణము లేదు. నీరు మిక్కిలి ఉరవడిగా పారినపుడు దానిని నిలుపుట సాధ్యము కాదు. నౌకలను నడుపుటకై మానవుడు గాలిని వినియోగించుకొన్నాడని గొప్పగా చెప్పుకొందుము. పారు నీటిచేతనే వలకు ఆకారమిచ్చి, ఆ నీటిచేతనే దానిని మూయించిన వీరి ప్రజ్ఞ అంతకు తక్కువదని నేను తలపను.

ఇట్టి చోట్లు ఎక్కడబడితే అక్కడ దొరకవు. అందుచే ప్రతి వలచోటునకును ఒక కుటుంబము స్వామ్యము వహించి, దానిని సంతానమునకు సంక్రమింపజేసెడిది. సానిచ్ పెద్దలు చెప్పు ఆచారము ననుసరించి, వల కొసన విల్లోకొమ్మతో ఒక వలయమును అల్లి వదలెడివారు. కొన్ని చేపలు ఆ దారిని తప్పించుకొని నదికి పోవలెనని వారి సంకల్పము.

1855 జనవరి 22న పాయింట్ ఎలియట్ యొద్ద, గవర్నరు ఐజక్ స్టీవెన్సు ఎదుట, లమ్మీలు మున్నగువారు ఒడంబడిక చేసికొని తమ భూములను విడిచియిచ్చిరి. కాని అలవాటైన తావులలో, అచ్చటి పౌరులతోపాటు, చేపలు పట్టుకొను హక్కును నిలుపుకొనిరి. అలవాటైన తావనగా వారి దృష్టిలో ఒడ్డు కాదు, ఒక నియతమైన వేళకు ఒక నియతమైన దిక్కున పారు నీరు. ఆ నీటిని కాగితముమీద గీయుటకు వీలు లేదు. 1890వ దశకమున అలాస్కా ప్యాకర్సు సంఘమువారు పాయింట్ రాబర్ట్సు యొద్ద గుంజలు పాతి, వలగోడలు కట్టి, లమ్మీల వలలకు ఎగువనే చేపను అడ్డగించిరి. లమ్మీల పక్షమున ప్రభుత్వమే వ్యాజ్యము తెచ్చినది. వారికి తక్కినవారితో సమానమైన హక్కే గాని ప్రత్యేకమైన హక్కు లేదని 1897లో ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. దోనెలు నిలుపుకొనుటకు ఎవరును అభ్యంతరము చెప్పలేదు. వానికి చేరవలసిన చేప మాత్రము చేరలేదు. ఎదుట గోడ కట్టి సమానహక్కు ననుగ్రహించుట అన్యాయమని చెప్పుటకు నేను సంకోచింపను. పిమ్మట 1914లో ఫ్రేజరు లోయలోని హెల్స్ గేట్ యొద్ద, రైలుమార్గపు పనుల మూలమున కొండరాళ్లు విరిగిపడి నదిని ఇరుకుచేయగా, ఆ గోడలు కట్టినవారికిని చేప కరవైనది.

గుంజల వలలను వాషింగ్టను ప్రజలు 1934లో ఓటుతో నిషేధించిరి. దానివలన లమ్మీలకు కలిగిన మేలు స్వల్పము: గోడలు తొలగగానే శ్వేతజాతీయులు తామే రీఫ్ వలలు వేసి, లమ్మీ ద్వీపముచుట్టునున్న మంచి చోట్లను ఆక్రమించుకొనిరి. 1974 ఫిబ్రవరి 12న న్యాయమూర్తి జార్జి బోల్టు, ఒడంబడిక చేసికొన్న జాతులకు పట్టదగిన చేపలో సగము చెందునని తీర్పు వ్రాసెను. ఆ తీర్పులో ఆర్కస్, శాన్ హువాన్, లమ్మీ, ఫిడాల్గో ద్వీపములయొద్దను, పాయింట్ రాబర్ట్సు, శాండీ పాయింట్ల చేరువనుగల లమ్మీల వలచోట్లు పేరుపేరున ఎక్కినవి. 1897లో చేజారిన పాయింట్ రాబర్ట్సు ఆ పట్టికలో నున్నది.