మూడు సలహాలు, మూడు కాలాలు



గత వేసవిలో ఒక మధ్యాహ్నం గద్వాల నుండి జూరాల ఆనకట్ట మీదుగా మా ఆత్మకూరుకు కారులో తిరిగి వస్తున్నాను. బండి పరుగెడుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఊళ్ళో ధాన్యం లారీల వెనుక పావుగంట నిలవవలసి వచ్చేసరికి ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత దాకా పోయింది. ఇల్లు అక్కడికి నాలుగడుగులే గనుక ఎలాగో వాకిలి చేరి బానెట్టు ఎత్తాను. చుట్టూ నలుగురు చేరారు. సలహాలు మూడు వచ్చాయి.

"సారూ, మూత దీసి సల్లటి నీళ్ళు వొయ్యుండ్రి."

"గా థర్మోస్టాట్ పీకి పారెయ్యుండ్రి సారూ, మన ఎండలకు దాంతోని పనేమున్నది?"

"బెల్టు సడలినట్టుంది. ఫ్యాను జోరుగ తిరుగుతలేదు."

మొదటి సలహాను వెంటనే పాటించాను. తడి తువ్వాలు వేసి మూత తిప్పానో లేదో, మరుగునీరు ఎగజిమ్మి అరచేతి నుండి మోచేతి దాకా కాలింది. పక్షం రోజులు కలం పట్టలేకపోయాను. కారూ వాకిట్లోనే ఉండిపోయింది. ఆ తీరికలో పాత సంగతులు నెమరువేసుకుంటే ఒకటి తేటపడింది. ఆ సలహాలలో ఏదీ అవివేకం కాదు. ప్రతిదీ ఒకానొక కాలపు ఇంజనుకు సరిగ్గా అతికేదే. నా ఇంజను మాత్రం ఆ కాలాలది కాదు.

మొదటి సలహా అన్నిటికన్న పాతది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు కోరిన మూడు చక్రాల బండిలో సిలిండరు చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోవటమే చల్లబరచే ఉపాయం. ఆవిరి వేడిని మోసుకుపోతుంది. తరిగిన నీటిని మళ్ళీ పోస్తుండాలి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు సుమారు నూరు కిలోమీటర్లు ఆ బండిపై వెళ్ళింది. దారి పొడుగునా నీళ్ళు పోసుకుంటూనే పోయింది. ఇంధనపు గొట్టం పూడుకుంటే టోపీకి పెట్టుకునే సూదితో శుభ్రం చేసింది. సొంత చేతులతో బండి బాగుచేసుకొనేవారి పంక్తిలో అగ్రతాంబూలం ఆ ఇల్లాలికే ఇస్తాను.

మన గడ్డపై 1932లో నిజాం ప్రభుత్వ రైల్వేల రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. అప్పటినుండి మోటారు వెంట నీళ్ళ డబ్బా మన కళ్ళకు అలవాటైన దృశ్యమే. మా చిన్నతనంలో లారీ ఆగితే క్లీనరు డబ్బా పట్టుకొని చెరువుకు పరుగెత్తేవాడు. ఆ తరువాత వచ్చిన రేడియేటరు మూత ప్రెషర్ కుక్కర్ మూత వంటిది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల అదనపు ఒత్తిడిలో నీరు దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. మూత తీసిన క్షణాన ఒత్తిడి పోయి అంత నీరూ ఒక్కసారి పొంగుతుంది. నా చేయి దానికి సాక్ష్యం.

రెండవ సలహా ఫోర్డు మోడల్ టీ వంటి బండ్ల నాటిది. 1908లో వెలువడిన ఆ కారులో, తొలి కొద్దివేల బండ్లను మినహాయిస్తే, నీటి పంపే లేదు. వేడినీరు తేలికై పైకి పోతుంది, రేడియేటరులో చల్లారి దిగువకు జారుతుంది. ఆ ప్రవాహానికి థర్మోస్టాట్ అవసరం రాలేదు. నేటి ఇంజను కథ వేరు. అది నిర్ణీతమైన వేడిలోనే చక్కగా పనిచేస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే వేడెక్కటానికి ఆలస్యమై ఇంధనం వృథా అవుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే పక్కదారి మూతపడక, నీరు కొంత రేడియేటరు ముఖం చూడకుండానే వెనుదిరుగుతుంది. అంటే వేడి తగ్గించబోయి పెంచుకున్నట్టే.

మూడవది అంబాసిడర్ కాలపు సలహా. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ 8,070 సన్నని గొట్టాలతో తేనెపట్టు వంటి రేడియేటరు కూర్చి, దాని వెనుక పంకా పెట్టాడు. 1958 నుండి 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడర్‌లో ఆ పంకాను ఇంజనే బెల్టుతో తిప్పేది. బెల్టు సడలితే పంకా నీరసించేది. 1983 చివర మారుతి 800 వచ్చాక, ఇంజనును అడ్డంగా అమర్చిన చిన్నకార్లు మన వీధుల్లో పెరిగాయి. వాటిలో పంకాకు బెల్టుతో పొత్తు లేదు. విద్యుత్తుతో, వేడి ముదిరినప్పుడే తిరుగుతుంది.

చేయి మానాక, ఒక ఉదయం, ఇంజను పూర్తిగా చల్లగా ఉండగా మూత తీశాను. నీటిమట్టం తగ్గి ఉంది. ఒక గొట్టపు క్లిప్పు దగ్గర తెల్లని పొక్కు కట్టిన జాడ కనిపించింది. క్లిప్పు బిగించి నీరు నింపి, బండి నిలిపి ఉంచే ఇంజను నడిపాను. ముల్లు పైకి పోతున్నా పంకా కదలలేదు. ఏసీ వేయగానే గిర్రున తిరిగింది! అంటే పంకా మోటారు క్షేమం. వేడి కబురు దానికి అందటం లేదు. ఇంజను ఆపి, బ్యాటరీ తీగ విప్పి చూస్తే ఉష్ణోగ్రత సెన్సరు తీగ కొస చిలుము పట్టి ఉంది. చిలుము గీకి బిగించాను. తరువాత ఏసీ వేయకుండానే, వేళకు పంకా తిరిగింది, ముల్లు దిగింది. ఈ పని చేసేవారికి ఒక మాట: ఇంజను ఆపినా కొన్ని బండ్లలో పంకా తనంత తానే తిరుగుతుంది, వేళ్ళు దూరంగా ఉంచండి.

నిలిచినప్పుడే వేడెక్కితే ముందు పంకాను, పరుగులోనూ వేడెక్కితే రేడియేటరునూ పంపునూ థర్మోస్టాట్‌నూ అనుమానించాలి. ముల్లు ఎర్రగీతకు చేరితే నాలుగడుగులైనా నడపక, అక్కడే ఆపాలి. నేను చేసిన ఆ తప్పుకు ఇంజను తల వంకరపోకపోవటం నా అదృష్టం. మా బావుల ఉప్పునీరు గొట్టాల లోపల సున్నపు పొర కడుతుంది గనుక, చివరకు పాతనీరు వదిలి, శుద్ధజలంతో కలిపిన కూలెంటు పోశాను.

ముప్పై ఏళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. సూత్రం వస్తే చాలదు, అది ఎక్కడ వర్తిస్తుందో తెలియాలని ప్రతి ఏడూ చెప్పాను. ఆ ముక్క నాకే జ్ఞాపకం రావటానికి చేయి కాలవలసి వచ్చింది.

సెలవు.