తలుపు చిత్రికకు పదిహేను వందలా?

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలోకి వచ్చినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. మా కంటే పల్లంలో ఉన్నవాళ్ళ కష్టంతో పోలిస్తే మాది కష్టమే కాదు. బురద కడిగాం, పరుపులు పారేశాం, ఫ్రిజ్ బాగుచేయించాం. తలుపులు మాత్రం ఉబ్బిపోయి పడక గదిది పడదు, వంటింటిది తెరుచుకోదు. నెల రోజులు భుజంతో నెట్టుకుంటూ గడిపాక ఒక వడ్రంగి దొరికాడు. మా వైపు వడ్లాయన అంటాం. అరవై దాటిన మనిషి.

రెండు తలుపులకు చిత్రిక పట్టి, ఒక మడతబందు మార్చడానికి పదిహేను వందలు అన్నాడు. మీరు మాత్రం ఊరుకుంటారా? "గంట పనికి పదిహేను వందలా మేస్త్రీ? వెయ్యి తీసుకోండి" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. తలుపు విప్పి గోడకు ఆనిస్తూ, "బేరమాడమ్మా, తప్పులేదు. మా తాత గడీల పనిజేస్తే అడిగే దిక్కే లేకుండె" అన్నాడు. వాళ్ళది నల్లగొండ దిక్కట.

ఆ మాట నన్ను వదల్లేదు. బి.ఏ. తెలుగులో దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చదివినదాన్ని. నిజాం కాలపు పల్లెలో దొర గడీ ఎలా నడిచేదో పరీక్షలో పేజీలకు పేజీలు రాశాను. వెట్టి అంటే మూటలు మోయడం, కబురు పట్టుకుని పరిగెత్తడం అనే నా మనసులో ఉండిపోయింది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో తెచ్చిన పుస్తకంలో వెట్టి ఏ కులం మీద ఎలా పడేదో వరసగా ఉంటుంది. వడ్రంగి, కమ్మరి దొరకూ ఊరి అధికారులకూ సేద్యపు పనిముట్లన్నీ ఉచితంగా చేసిపెట్టాలి. నాగలి విరిగినా బండి చక్రం ఊడినా ఖర్చు అనే మాటే లేదు. మనం మెచ్చుకుంటూ ఫొటోలు తీసుకునే ఆ గడీల చెక్కిన తలుపుల్లో ఎన్నిటికి కూలి ముట్టిందో!

దొర సంగతి సరే, మామూలు రైతులు వడ్రంగికి ఏమిచ్చేవాళ్ళు? రోజు కూలి లేదు, పనికింత అనే లెక్కా లేదు. పంట కళ్ళంలో ఉండగా ఏడాదికొకసారి ధాన్యం కొలిచేవాళ్ళు. కొన్నిచోట్ల మేర అన్నారు, కొన్నిచోట్ల ఆయం అన్నారు. ఏడాది పొడుగునా నాగలి బాగుచేసినా, గుమ్మానికి గొళ్ళెం బిగించినా, మంచం కోడు సరిచేసినా ఆ గింజల్లోనే. మా అమ్మమ్మ ఊరు పాల్వంచ అవతల అడవి అంచున. గొడ్డలికి పిడి వేయించుకుంటే చేతిలో డబ్బు పెట్టడం తన చిన్నప్పుడు చూడలేదని ఆవిడ చెప్పేది.

ఇది విని "ఎంత చక్కటి కాలం" అనుకోకండి. నేనూ ముందు అలాగే అనుకున్నాను. ఆ గింజలు పుట్టిన కులాన్ని బట్టి వచ్చేవి, చేతి నైపుణ్యాన్ని బట్టి కాదు. కరువొస్తే కొలత తగ్గేది. నీ ఇంటి పని చేయను అనే హక్కు ఆ మనిషికి లేదు. కాకపోతే అందులో ఒక సౌకర్యం ఉండేది. పనిలేని నెలల తిండి కూడా ఆ ధాన్యంలోనే ఇమిడి ఉండేది. గింజలు పోయి రూపాయలు వచ్చాక ఖాళీ రోజుల భారం చేసిన పనుల మీదే పడింది. మా వడ్లాయన చెప్పిన పదిహేను వందల్లో ఆ గంట ఒక్కటే లేదు. ఊరికి ఆ చివర నుంచి బండి మీద రావడం, మా పని కోసం ఆ పూట ఇంకోటి వదులుకోవడం, రంపం మిషను అరుగుదల, వానాకాలంలో ఇంట్లో కూర్చున్న వారాలు, అన్నీ ఉన్నాయి. వరద తర్వాత ఊళ్ళో ఇంటింటికీ పని ఉండి మనుషులు చాలకపోవడమూ ఉంది, అది కాదనను.

గోదారి దిక్కు కోయ గూడేల్లో లెక్క వేరు. వెదురు తడికల గోడలకు మట్టి మెత్తి, పైన గడ్డి కప్పుకునే ఇళ్ళకు వడ్రంగినీ మేస్త్రినీ పిలిచే పనేముంది? ఇంటివాళ్ళకు చుట్టాలూ ఇరుగుపొరుగూ తోడొస్తారు. ఆ పూట అందరికీ తిండి పెట్టాలి, రేపు వాళ్ళ ఇంటికి మనం వెళ్ళాలి. గోడలకు మట్టి మెత్తేది, అలికేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పనికి ఏ కాలంలోనూ ఎవరూ ధర కట్టలేదు. అడవి రిజర్వు అయ్యాక వాసానికి కర్ర కూడా అడిగి తెచ్చుకోవాల్సిన వస్తువైంది. రేకులూ సిమెంటూ వచ్చాక వాటితోపాటే మేస్త్రీ వచ్చాడు, కూలీ వచ్చింది.

మా జిల్లాలో పని ఖర్చు అనగానే గుర్తొచ్చే మనిషి ఇంకొకరు ఉన్నారు, రామదాసు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ తహశీల్దారుగా ఉండి, వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడనీ, ఆరు లక్షల లెక్క తేలక గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు ఉన్నాడనీ చెప్పుకుంటాం. తానీషా 1672 నుంచి 1687 వరకు ఏలాడు కాబట్టి ఇది ఆ నాటి మాట. చెరలో రాముణ్ణి నిలదీస్తూ పాడిన కీర్తన ఒక పద్దు పుస్తకంలాగే ఉంటుంది. భరతుడికీ సీతమ్మకీ చేయించిన నగలకు పదేసి వేలు, చుట్టూ కట్టిన ప్రాకారానికి పదివేలు. చిన్నప్పటి నుంచీ పాడుతున్న పాటే. ఆ ప్రాకారం పదివేల వరహాల్లో రాయి కొట్టినవాడి చేతికి ఎన్ని వెళ్ళాయో అని ఈ తలుపుల గొడవ వచ్చేదాకా నాకు తట్టలేదు. నగ ధర చిన్నపిల్లలకూ నోటికి వచ్చు, కూలి ధర పాటలో లేదు.

ఆ రోజు పదిహేను వందలూ ఇచ్చాను. పెద్ద మనసేమీ కాదు, పని బాగుంది. వంటింటి తలుపు ఇప్పుడు వేలితో తోస్తే పడుతుంది.

మొన్న సంక్రాంతికి ముందు గడప మార్చాలని మళ్ళీ ఆయన్నే పిలిచాను. వరదకు కింద చెక్క పుచ్చింది. ఈసారి ముందే అడిగాను, చెక్క ఎంత, కూలి ఎంత, విడివిడిగా చెప్పమని. కాలెండరు వెనక పెన్సిలుతో రాసిచ్చాడు. చెక్క దగ్గర బేరమాడాను, ఇంకో అడితిలో అడిగి రెండు వందలు తగ్గించాను కూడా. కూలి దగ్గర ఆడలేదు. సాయంత్రం మావారు కాలెండరు తిప్పి చూసి, "గడపకు ఇంతా? మేస్త్రి బాగా లాగాడే" అన్నారు.

"పైన ఉన్న అంకె చెక్కదండీ. మేస్త్రిది కింద ఉన్న చిన్నది" అన్నాను.