దూరపు పట్టణము – దాహము



మన పెద్దలు ఇంగ్లండును ‘సీమ’ అనేవారు. సీమ సున్నము, సీమ వంకాయ, సీమచింత! గమనించండి, సీమచింత పుట్టినది అమెరికా ఖండములో. అయినను ఓడ దిగిన దానికెల్ల సీమ పేరే పెట్టారు. కంటితో చూడని పట్టణము ఊహలో ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. క్రీ.శ. 97లో చైనా దూత గాన్ యింగ్ రోము రాజ్యము చూడాలని బయలుదేరి, సముద్రము దగ్గర నావికుల మాటలకు జడిసి వెనుదిరిగాడు. అయినను అక్కడి జనులు నిజాయితీపరులనీ, సరుకుకు రెండు ధరలు చెప్పరనీ చైనా చరిత్రకారులు వ్రాసుకున్నారు!

మరి మన పెద్దలు గొప్పగా తలంచిన లండను ఎలా ఉండేది? 1854లో అక్కడి సోహో ప్రాంతములో కలరా వచ్చి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. వీధి పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో చూపించాడు. అంత పెద్ద రాజధానిలో బీదవానికి మంచినీళ్లు కరువు! 1859లో కొందరు సంఘముగా ఏర్పడి, మన చలివేంద్రముల వలె, వీధులలో ఉచిత మంచినీటి ఫౌంటెనులు కట్టించసాగారు.

ఆ సంఘమునకు మన విజయనగరము మహారాజు విజయరామ గజపతిరాజుగారు ఒక ఫౌంటెను బహూకరించారు. 1867లో హైడ్ పార్కు అంచున, మార్బుల్ ఆర్చి దగ్గర దానిని కట్టి, విజయనగరము పేరు చెక్కారు. 1964లో దానిని తొలగించి, గుర్తుగా రాయి పెట్టారు.

1805లో అదే లండను నుండి జార్జ్ క్రాన్, డెస్ గ్రాంజెస్ అను మిషనరీలు విశాఖపట్నము వచ్చి, తెలుగు నేర్చి, సువార్తల తర్జుమా ఆరంభించారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు ఈ దేశములోనే కన్నుమూశారు. ఇచ్చేది ఎప్పుడూ వారే, పుచ్చుకొనేది మనమే అనుకుంటాము. కాని ఇక్కడ నుండి కూడ అక్కడికి వెళ్లినది. జమీందారు ఆదాయమంటే రైతులు కట్టిన శిస్తే కదా! ఆ నీళ్లలో మన ముత్తాతల చెమట ఉన్నది. వారి పేరు మాత్రము రాతి మీద లేదు.

ప్రియులారా, నేడు మన బిడ్డలు దూర పట్టణములకు వెళ్లుచున్నారు. అక్కడి మేడల సంగతి మనము అడుగుతాము. అక్కడ దప్పిగొన్నవాడెవడని కూడ అడుగుదాము. మన వీధిలో పేరు లేకుండా నీళ్లు మోసేవారిని మరువకుందాము.