డంబార్టన్ ఓక్స్: పండితులకు దొరికిన తీరిక

బోధన, పరీక్షలు, పాలనా బాధ్యతల మధ్య పొద్దు గడిచిపోయే ఆచార్యుణ్ణి కొన్ని నెలలపాటో ఒక విద్యా సంవత్సరంపాటో వాటి నుంచి తప్పించి, భృతి, బస, గ్రంథాలయం సమకూర్చి, అతడు తలపెట్టిన పరిశోధనను నిరాటంకంగా సాగనిచ్చే ఏర్పాటును సందర్శక ఫెలోషిప్ అంటారు. శిథిల ప్రతులు, అరుదైన లిపులు, నాలుగైదు ప్రాచీన భాషలు తెలిస్తే తప్ప ముందడుగు పడని మధ్యయుగ చరిత్రకు ఇటువంటి తీరిక ప్రాణావసరమని వాషింగ్టన్ నగరంలోని డంబార్టన్ ఓక్స్ చరిత్ర చూపుతుంది.

అమెరికా దౌత్యవేత్త రాబర్ట్ వుడ్స్ బ్లిస్, ఆయన భార్య మిల్డ్రెడ్ 1920లో జార్జ్‌టౌన్ ప్రాంతంలో ఈ భవనాన్ని కొని, తోటలు వేయించి, బైజాంటియం కళాఖండాలను, గ్రంథాలను సేకరించి, 1940లో అన్నిటినీ పరిశోధన కేంద్రంగా ఉండేందుకు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. బైజాంటియం అంటే కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) రాజధానిగా 1453లో ఒట్టోమన్ తురుష్కుల వశమయ్యేదాకా నిలిచిన తూర్పు రోమన్ సామ్రాజ్యం. మధ్యయుగమంటే లాటిన్ పశ్చిమ ఐరోపాయే అన్న ధోరణి బలంగా ఉన్న రోజుల్లో గ్రీకు మాట్లాడిన ఈ రాజ్యానికి ఒక సంస్థనే కేటాయించడం సాహసమే. ఐక్యరాజ్యసమితి రూపురేఖలపై 1944లో జరిగిన చర్చల వల్ల లోకానికి ఈ భవనం పేరు తెలిసింది గాని, పండితులకు అది అప్పటికే పరిచితం.

సంస్థ పుట్టిన కాలమే దాని స్వభావాన్ని నిర్ణయించింది. ఐరోపాను యుద్ధం కమ్ముకొన్నప్పుడు ఫ్రెంచి కళాచరిత్రకారుడు ఆన్రీ ఫొసీయోఁ తొలి పండితుల్లో ఒకరుగా ఇక్కడికి వచ్చారు. మ్యూనిక్‌లో యూదు కుటుంబంలో పుట్టిన ఎర్న్‌స్ట్ కిట్జింగర్ నాజీల కారణంగా జర్మనీ వదిలి ఇంగ్లండు చేరితే, అక్కడ శత్రుదేశీయుడన్న ముద్రతో నిర్బంధించి ఆస్ట్రేలియాకు పంపివేశారు. ఆ నిర్బంధం నుంచి బయటపడి 1941లో వాషింగ్టన్ చేరిన ఆయనే తరువాత ఈ సంస్థ అధ్యయన విభాగానికి సంచాలకుడయ్యారు. కాన్‌స్టాంటినోపుల్‌లో ఆర్మీనియన్ కుటుంబంలో జన్మించిన సిరార్పీ దెర్ నెర్సెసియన్ ఆర్మీనియన్ చిత్రిత ప్రతుల మీద ఇక్కడే ఏళ్ల తరబడి పనిచేశారు. ఇల్లూ వాకిలీ కోల్పోయినవారికి బల్లా, దీపం, పుస్తకాలూ ఇవ్వడం ఎంత గొప్ప సాయమో వారు రాసిన గ్రంథాలే సాక్ష్యం.

ఒక పండితుడి ఆయుష్షు చాలని పనులు కొన్ని ఇక్కడ సాధ్యమయ్యాయి. బైజాంటియం అధికారులు ఉత్తరానికి దారం చుట్టి, ఆ దారాన్ని సీసపు బిళ్లలో ఇరికించి, ఇనుప పటకారుతో నొక్కి ముద్ర వేసేవారు. ఒక వైపు తరచుగా కన్య మరియ లేదా ఒక సాధువు రూపం, మరో వైపు పంపినవారి పేరు, బిరుదు, హోదా ఉండేవి. పోల్చి చూస్తే, తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల కడియంపై ఉండే ‘శ్రీ త్రిభువనాంకుశ’ ముద్ర రాజుకు చెందినది. బైజాంటియం సీసపు ముద్రలు మాత్రం సామాన్య గుమాస్తాల దాకా దిగివస్తాయి గనుక, ఉత్తరాలు నశించినా ఏ రాష్ట్రాన్ని ఎప్పుడు ఎవరు పాలించారో వీటివల్ల తేలుతుంది. డంబార్టన్ ఓక్స్‌లో ఇవి సుమారు 17,000 ఉన్నాయి. ప్రపంచంలో ఇదే అతిపెద్ద సేకరణ. అరిగిన అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి జాన్ నెస్బిట్, నికోలాస్ ఇకొనొమిడెస్ సిద్ధం చేసిన సూచీ తొలి సంపుటం 1991లో వెలువడింది.

అదే సంవత్సరం మూడు సంపుటాల ‘ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఆఫ్ బైజాంటియం’ వచ్చింది. దాని ప్రధాన సంపాదకుడు అలెగ్జాండర్ కజ్దాన్ సోవియట్ యూనియన్‌లో పేరున్న చరిత్రకారుడైనా, స్వదేశం వీడి 1979లో, యాభై దాటిన వయసులో, డంబార్టన్ ఓక్స్ చేరారు. చక్రవర్తులు, మతాచార్యుల సరసన రైతులు, ఆహారం, పనిముట్లు, రోజువారీ బతుకు కూడా చోటు చేసుకొన్న ఆ నిఘంటువులో 5,000కు పైగా వ్యాసాలున్నాయి. వాటికోసం అనేక దేశాల పండితులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపి, వందలాది వ్యాసాలను స్వయంగా రాసిన కజ్దాన్ 1997లో వాషింగ్టన్‌లోనే కన్నుమూశారు.