ఏకాంత ధ్యానము – ఆత్మీయ మార్గదర్శి: ఒక చారిత్రక పరిశీలన



శతవార్షికోత్సవ సమయమున మన పెద్దలు కట్టించిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొని దేవుని స్తుతించుట న్యాయమే. అయితే లెక్కకు రాని పరిచర్య యొకటి సంఘ చరిత్రలో ఉన్నది. ఒక విశ్వాసి తన ప్రార్థనలో ఏమి జరుగుచున్నదో మరియొక విశ్వాసితో చెప్పుకొనుట, ఆ రెండవవారు ఓపికతో విని, దేవుని నడిపింపును గుర్తించుటకు తోడ్పడుట – ఇదియే ఆ పరిచర్య. ఇందుకొరకు కొన్ని దినములు మౌనముగా ప్రత్యేకించుకొన్నయెడల అది వ్యక్తిగత మార్గదర్శకత్వముతో కూడిన రిట్రీటు అగును.

రిట్రీటు అనగానే మనకు షామియానా, మైకు, వరుసగా ముగ్గురు ప్రసంగీకులు జ్ఞాపకమునకు వచ్చెదరు. అట్టి కూడికల మేలును మేము కాదనము. కాని ఇక్కడ మేము చెప్పు రిట్రీటులో ప్రసంగీకుడు లేడు. దేవుడు, ఒక ఆత్మ, ప్రక్కన వినుచున్న ఒక మనుష్యుడు – అంతే. దాని చరిత్రను క్లుప్తముగా పరిశీలింతము.

పరిశుద్ధ గ్రంథములో పునాది

సమూయేలు మొదటి గ్రంథము 3వ అధ్యాయములో బాలుడైన సమూయేలు దేవుని స్వరమును ఏలీ స్వరమనుకొని మూడుసార్లు పరుగెత్తి వచ్చెను. ఏలీ కన్నులు మందగించియుండెను. అతని ఇంటిమీద తీర్పు నిలిచియుండెను. అయినను పిలుచుచున్నది యెవరో గ్రహించి, ఏమని ఉత్తరమియ్యవలెనో నేర్పి, బాలుని తిరిగి పంపివేసెను. తాను వెంట వెళ్లలేదు. దేవుడు ఏలీ ద్వారా కాక బాలునితోనే మాటలాడెను.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఫిలిప్పు కూడ అట్లే చేసెను. రథమెక్కి, ఐతియొపీయుడైన నపుంసకుని ప్రశ్నను విని, లేఖనమును వివరించి, బాప్తిస్మమిచ్చిన తరువాత కనబడకపోయెను. ఆ అధికారి సంతోషించుచు తన త్రోవను తాను వెళ్లెను. మార్గదర్శి తప్పుకొనిన తరువాత కూడ సంతోషము నిలిచినదా అనునదే ఈ పరిచర్యకు గీటురాయి.

ఎడారి తండ్రులు

క్రీ.శ. 3, 4 శతాబ్దములలో ఐగుప్తు ఎడారికి అంతోని మొదలైన భక్తులు ప్రార్థనకై వెళ్లిరి. వారిని వెదకికొని యౌవనస్థులు వచ్చి తమ తలంపులను దాచక చెప్పి, ఒక్క మాట యిమ్మని అడుగుచుండిరి. పురుషులను 'అబ్బా' అనియు, స్త్రీలను 'అమ్మా' అనియు పిలిచిరి. సింక్లెటికా అను అమ్మ ఈ విషయమున ప్రసిద్ధురాలు.

ఆ పెద్దల సంభాషణలను జాన్ కాసియన్ 5వ శతాబ్దములో గ్రంథస్థము చేసెను. అందులో ఒక వృత్తాంతము మన కాపరులందరు చదువదగినది. ఒక యౌవన సన్యాసి తన శరీర శోధనను ఒక వృద్ధునితో చెప్పుకొనగా, ఆ వృద్ధుడు కఠినముగా గద్దించెను. యౌవనస్థుడు నిరాశపడి లోకములోనికి తిరిగి పోవుచుండగా, అబ్బా అపొల్లో అతని ముఖమును చూచి కారణమడిగి, తనకును ఈ వయస్సులో అట్టి శోధనలున్నవని చెప్పి ఆదరించెను. పిమ్మట అపొల్లో ప్రార్థింపగా ఆ శోధన కఠినుడైన వృద్ధుని మీదికే వచ్చెనట! తల నెరసినంత మాత్రమున ఎవరును మార్గదర్శి కాజాలరని కాసియన్ హెచ్చరిక. ఒక్క కఠినమైన మాట ఒక ఆత్మను సంఘమునకే దూరము చేయగలదు.

లొయోలా ఇగ్నేషియస్

ఈ పరిచర్యకు క్రమపద్ధతి నిచ్చినవాడు స్పెయిను దేశస్థుడైన ఇగ్నేషియస్. 1521లో పాంప్లోనా యుద్ధమున ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, లొయోలాలోని తన ఇంట మంచము పట్టెను. చదువుకొనుటకు వీరగాథలు దొరకక, క్రీస్తు జీవిత చరిత్రను, భక్తుల చరిత్రలను చదివెను. అప్పుడొక సంగతి గమనించెను. లోక కీర్తిని గూర్చి ఊహించుకొన్నప్పుడు ఆ క్షణమున సంతోషము కలిగినను తరువాత మనస్సు ఎండిపోవుచుండెను. క్రీస్తును వెంబడించుటను ఊహించుకొన్నప్పుడు కలిగిన సంతోషము మాత్రము తరువాత కూడ నిలిచియుండెను. ఆత్మలను వివేచించుటలో ఇది అతని మొదటి పాఠము.

1522లో మన్రేసా అను ఊరు చేరి, నెలల తరబడి ప్రార్థనలో గడపెను. అక్కడ పాపభీతి అతనిని ఎంతగా పీడించెననగా ప్రాణము తీసికొందునా అని కూడ తలంచెను. సమాధానము దొరకువరకు తిననని వారము దినములు ఉపవాసముండగా, అతని గురువు భోజనము చేయుమని ఆజ్ఞాపించెను; అతడు లోబడెను. ఈ అనుభవములనుండి పుట్టినదే 'ఆత్మీయ సాధనలు' అను చిన్న పుస్తకము. అది చదువుకొనుటకు వ్రాసినది కాదు. ఇంచుమించు 30 దినములు, నాలుగు భాగములుగా, ఒకరు మరియొకరిని ప్రార్థనలో నడిపించుటకు వ్రాసిన సూచనల పుస్తకము.

పట్టా లేని సామాన్యుడు ఇట్టి పని చేయుట చూచి అధికారులు అనుమానించిరి. 1527లో అల్కలాలోను, సలమాంకాలోను అతనిని చెరసాలలో ఉంచిరి. బోధలో తప్పు కనబడలేదు గాని, ఇంకను చదువుకొనుమని ఆంక్ష పెట్టిరి. 1528లో పారిసు చేరి, తనకంటె చిన్నవారితో కలిసి చదువుకొనెను. అక్కడ తన గదిలోనివాడైన పీటర్ ఫేబర్‌ను తొందరపెట్టక కొన్ని సంవత్సరములు సిద్ధపరచి, 1534లో సాధనలను ఇచ్చెను. అది సేన్ నది గడ్డకట్టిన చలికాలము. ఫేబర్ ఆరు దినములు తినక, నిప్పు రాజేయక ప్రార్థించుచుండగా, ఇగ్నేషియస్ వచ్చి నిప్పు వేసికొని భోజనము చేయుమనెను. మన్రేసాలో తాను పొందిన కనికరమును అతడు పారిసులో మరియొకనికి పంచిపెట్టెను. తరువాత సాధనలను ఇచ్చుటలో ఫేబర్‌ను మించినవారు లేరని ఇగ్నేషియస్ స్వయముగా చెప్పెను. మన దేశమునకు 1542లో వచ్చిన ఫ్రాన్సిస్ జేవియరు కూడ ఆ గది సహవాసియే.

1548లో పోపు మూడవ పౌలు ఆ పుస్తకమును ఆమోదించెను. కాలక్రమమున ఒక్కొక్కరితో కూర్చుండు పద్ధతి సన్నగిల్లి, అనేకులను ఒకచోట చేర్చి దినమునకు పలుమార్లు ప్రసంగించు రిట్రీటులు వాడుకలోనికి వచ్చెను. అనేకులకు మేలు కలిగెను గాని, వినువాడు ప్రసంగీకుడుగా మారెను. మాటలాడవలసినవాడు శ్రోతగా మిగిలెను.

ప్రొటెస్టంటు సంఘములలో

ఇది రోమను కథోలికుల ఆచారమని మనలో కొందరు తలంతురు. మార్టిన్ లూథరు సన్యాసిగా మనశ్శాంతి లేక, గంటల తరబడి తన పాపములను ఒప్పుకొన్నప్పుడు, స్టౌపిట్జ్ అను పెద్ద ఓపికతో విని, క్రీస్తు గాయముల వైపు చూడుమని మరల మరల చెప్పెను. ఆ మేలును లూథరు మరువలేదు. 1535లో తన క్షురకుడైన పీటరు ఎట్లు ప్రార్థింపవలెనని అడుగగా, తాను ప్రార్థించు విధమును అతనికొక చిన్న పుస్తకముగా వ్రాసి యిచ్చెను.

ఇంగ్లండులో ఈవ్లిన్ అండర్‌హిల్ (1875–1941) అను ఆంగ్లికన్ విదుషీమణి, ప్రార్థనను గూర్చి గొప్ప గ్రంథములు వ్రాసిన తరువాత కూడ, 1921లో ఫ్రెడరిక్ వాన్ హ్యూగెల్ అను కథోలిక గృహస్థుని మార్గదర్శకత్వము కోరెను. ఆయన మరిన్ని పుస్తకములు చదువుమనలేదు. పేదల ఇండ్లను దర్శించుమనెను. 1924 నుండి ఆమె ప్లెషీ అను గ్రామమందలి ధ్యాన గృహములో రిట్రీటులు నడిపించెను. అనేకులకు ఉత్తరముల ద్వారా ఆలోచన చెప్పెను. వీరిద్దరిలో ఎవరును అభిషిక్తులు కారని గమనింపవలెను.

ఇరువదవ శతాబ్దపు పునరుద్ధరణ

రెండవ వాటికన్ మహాసభ 1965లో సన్యాస సభలను తమ స్థాపకుల మూలములకు తిరిగి వెళ్లుమని కోరెను. యేసు సభవారు ఇగ్నేషియస్ వ్రాతలను తిరిగి పరిశీలించి, ఒక్కొక్కరితో కూర్చుండుటయే ఆది పద్ధతియని గ్రహించిరి. కెనడాలోని గ్వెల్ఫ్, వేల్సులోని సెయింట్ బ్యూనోస్ వంటి కేంద్రములు ఇందుకు పేరొందెను. మన దేశములో ఆంథొనీ డిమెల్లో 1972లో పూనాలో 'సాధన' సంస్థను ప్రారంభించెను. 1978లో అది లోనావాలాకు మారెను. క్రమముగా ఆంగ్లికన్, మెథడిస్టు మొదలగు సంఘములవారును ఈ రిట్రీటులలో పాల్గొని, తామును నడిపింప నేర్చుకొనిరి.

దినచర్య సులభమే. రిట్రీటుకు వచ్చినవారు మౌనముగా ఉండి, దినమునకు నాలుగైదు పర్యాయములు గంటసేపు ప్రార్థింతురు. దినమున కొకసారి మార్గదర్శిని కలిసి, ప్రార్థనలో కలిగిన ఆదరణను, శుష్కతను, భయమును చెప్పుకొందురు. ఆయన విని, మరునాటికి తగిన వాక్యభాగమును సూచించును. హృదయము కదలినచోటనే మరల నిలువుమనును. పనిపాటలు విడిచి రాలేనివారు ఇంటనే ఉండి, దినమునకు గంటన్నర చొప్పున సాధన చేయవచ్చునని ఇగ్నేషియస్ తన 19వ సూచనలో వ్రాసెను.

మార్గదర్శి హద్దులు

దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే గదా, మరియొకడేల అను ప్రశ్న న్యాయమైనది. ఇగ్నేషియస్ 15వ సూచన దీనికి జవాబు. మార్గదర్శి తన యిష్టము చొప్పున ఇటు గాని అటు గాని మొగ్గక, త్రాసు ముల్లువలె నడుమ నిలిచి, సృష్టికర్తయే తన బిడ్డతో నేరుగా వ్యవహరించునట్లు విడిచిపెట్టవలెను. పెండ్లి, ఉద్యోగము, సేవకు పిలుపు – వీటిలో తీర్పు చెప్పుట అతని పని కాదు. పాపముల చిట్టాను తెలిసికొనగోరుటయు అతని పని కాదు. "దేవుడు నీ విషయమై నాకు చెప్పెను" అని ఆజ్ఞాపించువాడు ఏలీ స్థానమును విడిచి, దేవుని స్థానములో కూర్చుండుచున్నాడు. అట్టివారి నుండి పారిపోవుట అవిధేయత కాదు.

మన సంఘములకు

కాపరులమైన మేము ఆదివారము వందలమందితో మాటలాడుదుము. ఒక్కరి మాట అరగంటసేపు అడ్డుపడక వినిన దినములు తక్కువ. పాస్టరు గారితో చెప్పిన మాట వీధి చివరి వరకు పోవునేమో అని భయపడి, కన్నీటిని దిండులోనే దాచుకొను తల్లులు మన ప్రతి పాస్టరేటులోను ఉన్నారు. ప్రార్థన ఎండిపోయినదని చెప్పుకొనుటకు సిగ్గుపడు సంఘపెద్దలును ఉన్నారు. వీరికి మరియొక ప్రసంగము చాలదు.

మన తెలుగు సంఘములకు ఇది బొత్తిగా క్రొత్త కాదు. మిషను దినములలో బైబిల్ స్త్రీలు ఇంటింటికి వెళ్లి, చాపమీద కూర్చుండి, వాక్యము చదివి, ఆ ఇంటి స్త్రీల మాట వినిరి. ఆ సేవ జ్ఞాపకమునకు ఈ శతవార్షికోత్సవమున మేము కోరునది చిన్నది. ప్రతి పాస్టరేటులో రహస్యము కాపాడగల ఒక పెద్దాయనను, ఒక పెద్దమ్మగారిని గుర్తించి, ఈ పరిచర్యలో తర్ఫీదు ఇప్పింతము. శ్రమకాలములో ఒక వారమైనను, కోరినవారు దినమున కొక అరగంట ప్రార్థించి, వారిని కలిసికొనునట్లు ఏర్పాటు చేయుదము. పాస్టర్లమైన మేము ముందుగా మరియొకరి యెదుట కూర్చుండి, మా ప్రార్థనను గూర్చి చెప్పుకొందుము.

ఏలీ కన్నులు మందగించినను దేవుని దీపము ఇంకను ఆరిపోలేదు. మన యౌవనస్థులు రాత్రివేళ లేచి మన యొద్దకు పరుగెత్తి వచ్చినప్పుడు, పిలుచుచున్నది ఎవరో వారికి చెప్పగల చెవి, చెప్పి తప్పుకొనగల వినయము, ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.