వంద డాలర్లు లేనివాళ్ళ ఇల్లు

న్యూయార్క్ రాష్ట్రంలో ఆబర్న్ అనే ఊరి శివార్లలో, సౌత్ స్ట్రీట్‌ను ఆనుకుని, తెల్ల రంగు వేసిన రెండంతస్తుల చెక్క ఇల్లు ఒకటుంది. నల్లవాళ్ళ చర్చి ఒకటి తమ జాతి ముసలివాళ్ళ కోసం అక్కడ ఆశ్రమం నడిపింది. 1908 జూన్ 23న ప్రారంభోత్సవం జరిగిందని చరిత్ర రాసుకుంది. నన్నడిగితే ఆ ఆశ్రమం అంతకు యాభై ఏళ్ళ కిందటే, దాని పక్కింటి వంటగదిలో పుట్టింది. ఆ వంటగది హారియెట్ టబ్‌మన్‌ది.

1849లో మేరీలాండ్‌లోని బానిసత్వం నుంచి ఒంటరిగా పారిపోయి, మళ్ళీ పదమూడుసార్లు దాకా అక్కడికే వెళ్ళి, సుమారు డెబ్బైమందిని బయటికి తెచ్చిన మనిషి ఆమె. ఆ సాహసం చాలామందికి తెలుసు. తెచ్చినవాళ్ళు ఆ తర్వాత ఎక్కడ తలదాచుకున్నారు, ఏం తిన్నారు అని అడిగేవాళ్ళు తక్కువ. వాళ్ళలో ఆమె కన్నతల్లీ తండ్రీ కూడా ఉన్నారు. 1857లో, డెబ్బై ఏళ్ళ వయసున్న ఆ ఇద్దరినీ కెనడా చేర్చింది. అక్కడి చలి వాళ్ళ ఒంటికి పడలేదు. 1859లో విలియం సీవార్డ్ అనే సెనేటర్ ఆబర్న్ దగ్గర ఏడెకరాలు, ఒక ఇల్లు 1,200 డాలర్లకు వాయిదాల మీద ఆమెకు ఇచ్చాడు. చట్టం లెక్కలో ఆమె అప్పటికింకా పారిపోయిన బానిసే. ఆమెకు భూమి అమ్మడమంటే సీవార్డ్‌కూ చిన్న తెగువ కాదు.

ముందు అమ్మానాన్నలు వచ్చారు, తర్వాత అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు. ఆపైన చుట్టరికంతో పనిలేకుండా ఎవరొస్తే వాళ్ళు: చూపు పోయినవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, దిక్కులేని పిల్లలు. ఊళ్ళో అందరికీ ఆమె హారియెట్ అత్త. పందుల్ని పెంచింది, కూరగాయలు పండించి అమ్మింది, అదీ చాలకపోతే తలుపు తలుపూ తట్టి అడిగింది. తనకంటూ చేయి చాచని మనిషి, ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం మొహమాటపడలేదు. రోగుల సేవ ఆమెకు కొత్త కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సౌత్ కరోలినాలోని ఉత్తరాది సైన్యం శిబిరాల్లో విరేచనాలతో పడిపోయినవాళ్ళకు వేళ్ళు, మూలికలు కాచి కషాయం తాగించింది. అదే సైన్యానికి వేగులవాళ్ళను నడిపింది. 1863 జూన్‌లో కొంబాహీ నది మీద జరిగిన దాడిలో ఏడువందల మందికి పైగా బానిసలు బయటపడటానికి దారి చూపింది. ఇంత చేసినా ప్రభుత్వం ముప్పై ఏళ్ళ దాకా పింఛను ఇవ్వలేదు. చివరికి, ఒకప్పటి సైనికుడైన ఆమె భర్త చనిపోవడంతో, ఆయన భార్యగా నెలకు 8 డాలర్లు ఇచ్చి, 1899లో దాన్ని 20 చేసింది.

ఆ ముసలివాళ్ళు ఆమె గడపకే ఎందుకొచ్చారో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. బానిసత్వం కుటుంబాలను విడదీసి అమ్మింది. అరవై ఏళ్ళు వెట్టిచాకిరీ చేసిన మనిషికి స్వేచ్ఛ వచ్చేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేదు, కొడుకు ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు. తెల్లవాళ్ళ వృద్ధాశ్రమాల్లో చాలావాటి తలుపులు నల్లవాళ్ళకు తెరుచుకునేవి కావు. అందుకే వాళ్ళ ఆశ్రమాలు వాళ్ళే కట్టుకోవలసి వచ్చింది. ఫిలడెల్ఫియాలో 1864లో వెలిసిన ఆశ్రమానికి పెద్ద అండగా నిలిచిన స్టీఫెన్ స్మిత్ కూడా బానిసగా పుట్టి కలప వ్యాపారంలో పైకొచ్చినవాడే.

1896లో టబ్‌మన్ పొలం పక్కనున్న పాతికెకరాలు వేలానికి వచ్చాయి. ఆశ్రమం కట్టాలని ఆమె ఎన్నాళ్ళుగానో కన్నేసిన నేల అది. వేలం జరిగే చోట అంతా తెల్లవాళ్ళే. డెబ్బై దాటిన ఆమె వెనక ఒక మూల నిలబడి, ఎవరెంత పాడితే దానిమీద కాస్త పెంచుతూ పోయింది. 1,450 డాలర్ల దగ్గర పాట ఆగింది. ఎవరు పాడారా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు. అంత డబ్బు ఆమె దగ్గరెక్కడిది? భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టి, చర్చి సాయం తీసుకుని గట్టెక్కింది.

ఆ చర్చి ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ జయన్ చర్చి. తెలుగు బైబిల్లో సీయోను అని చదువుతామే, ఆ పేరే. 1796లో న్యూయార్క్‌లో, తెల్లవాళ్ళ చర్చిలో వివక్ష పడలేక విడిగా ప్రార్థన మొదలుపెట్టిన నల్లవాళ్ళతో అది మొదలైంది. నల్లవాళ్ళ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కూడా దాని సభ్యుడే. అప్పు, పన్ను మోయలేక 1903లో టబ్‌మన్ ఆ పాతికెకరాలను చర్చి పేర రాసిచ్చింది.

తర్వాత వచ్చింది అసలు తగవు. ఆశ్రమంలో చేరేవాళ్ళు వంద డాలర్లు కట్టాలని చర్చి నిబంధన పెట్టింది. టబ్‌మన్ మండిపడింది. ఒక్క పైసా కూడా లేనివాళ్ళనే చేర్చుకోవాలన్న నియమం పెట్టాలని తాను కోరుకున్నానని చెప్పింది. చర్చి వైపూ న్యాయం ఉంది. అప్పు వాళ్ళ నెత్తిన ఉంది, బొగ్గుకూ రొట్టెకూ డబ్బు కావాలి. అయినా ఈ విషయంలో నేను టబ్‌మన్ పక్షమే. యాభై ఏళ్ళపాటు రుసుం అడక్కుండా నడిపి చూపించిన మనిషి మాట అది.

1911లో ఆరోగ్యం దెబ్బతిని ఆమే ఆ ఆశ్రమంలో చేరింది. అప్పటికి ఆమె దగ్గరా డబ్బు లేదు. 1913 మార్చి 10న న్యుమోనియాతో అక్కడే కన్నుమూసింది. ఆమె పోయిన కొన్నేళ్ళకు ఆశ్రమం మూతపడింది. ఆశ్రమం ఆవరణలో, బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ బ్రౌన్ పేరు పెట్టుకున్న ఇటుక భవనం శిథిలమై, ఇప్పుడు పునాదులే మిగిలాయి. చెక్క ఇల్లూ కూలిపోయే దశకు వస్తే, చర్చి సభ్యులు చందాలు పోగుచేసి నిలబెట్టి 1953లో మళ్ళీ తెరిచారు. 2017లో అక్కడ జాతీయ చారిత్రక పార్కు ఏర్పడింది.

న్యూజెర్సీ నుంచి నయాగరా చూడటానికి ఏటా ఎన్నో తెలుగు కుటుంబాలు సిరక్యూజ్ మీదుగా వెళ్తుంటాయి. ఆబర్న్ అక్కడికి దగ్గరే. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్ళేటప్పుడు ఒక గంట అక్కడ ఆగండి. ఆ తెల్ల ఇంటి వరండా దాకా నడిచి రండి.