దర్శకుడు పోయాక పూర్తయిన తెలుగు చిత్రాలు

సినిమా నిర్మాణం మధ్యలో దర్శకుడు కన్నుమూస్తే మిగిలిన భాగాన్ని మరొకరు తీసి విడుదల చేసిన సందర్భాలు తెలుగులో ఎక్కువ లేవు. ఉన్నవాటిలో చెప్పుకోదగ్గవి నాలుగు: గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టిన ‘పల్నాటి యుద్ధం’, ఘంటసాల బలరామయ్య తలపెట్టిన ‘రేచుక్క’, వి. రామచంద్రరావు ‘అల్లూరి సీతారామరాజు’, ఆదుర్తి సుబ్బారావు ‘మహాకవి క్షేత్రయ్య’. మొదటి చిత్రం 1947లో వచ్చింది, చివరిది 1976లో. ఈ ముప్పై ఏళ్లలో ఒక సినిమాకు పనిచేసినవాళ్లే మరో సినిమాలోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తారు. మద్రాసులోని తెలుగు చిత్రపరిశ్రమ అప్పట్లో ఒకరి ముఖం ఒకరికి తెలిసిన చిన్న ఊరిలాంటిది. ఒకరి పని ఆగిపోతే పక్కవాళ్లు వచ్చి చెయ్యేసేవారు.

దర్శకుడు పోయినంత మాత్రాన సినిమా ఆగదు. అప్పటికే పంపిణీదారుల దగ్గర అడ్వాన్సులు తీసుకుని ఉంటారు. ఫైనాన్షియర్ వడ్డీ ఏ రోజుకారోజు పెరుగుతూనే ఉంటుంది. తారల కాల్షీట్లు గడిచిపోతుంటాయి, స్టూడియోలో వేసిన సెట్టుకు అద్దె కట్టాలి. అందువల్ల నిర్మాత ముందున్న ప్రశ్న పూర్తి చేయాలా వద్దా అన్నది కాదు, ఎవరితో పూర్తి చేయించాలన్నదే. ఈ విషయంలో తెలుగు సినిమాకు ఒక అలవాటు అండగా నిలిచింది. సంభాషణలు ముందే రాయించుకుని, పాటలు రికార్డు చేసుకుని సెట్టుకు వెళ్లడం నాటి పద్ధతి. రచయిత రాసిన ప్రతి ఉంటుంది, ఛాయాగ్రాహకుడు ఉంటాడు, తీసిన రషెస్ అన్నీ ఎడిటర్ దగ్గర వరుసగా ఉంటాయి. లేనిదల్లా దర్శకుడి మనసులో ఉండిపోయిన భాగమే. ఏ మాట దగ్గర నటుడు ఆగాలి, ఏ ముఖాన్ని దగ్గరగా చూపాలి అన్న లెక్క మాత్రం కాగితం మీద దొరకదు.

పల్నాటి యుద్ధం

కృష్ణా జిల్లా నందమూరులో 1902లో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మం పత్రికారంగం నుంచి సినిమాల్లోకి వచ్చినవారు. ‘ప్రజామిత్ర’ పత్రికను నడిపారు. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ పెట్టుబడితో సారథి సంస్థ తరఫున ఆయన తీసిన ‘మాలపిల్ల’ (1938) అంటరానితనాన్ని కథావస్తువుగా తీసుకున్న సాహసోపేతమైన చిత్రం. దానికి కథ ఇచ్చినవారు చలం. మరుసటి ఏడాది వచ్చిన ‘రైతుబిడ్డ’ జమీందారీ వ్యవస్థను నిలదీసింది. కొందరు జమీందార్లు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఒక జమీందారు సొమ్ముతోనే జమీందారీ మీద సినిమా తీయగలగడం రామబ్రహ్మానికే చెల్లింది. ఆ తర్వాత ‘ఇల్లాలు’, ‘అపవాదు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’, ‘మాయాలోకం’ వచ్చాయి.

అలాంటి దర్శకుడు పల్నాటి వీరుల కథ మీదికి మళ్లడంలో ఆశ్చర్యం లేదు. ఇది పన్నెండో శతాబ్దంలో కారంపూడి దగ్గర జరిగిన దాయాదుల పోరు. శ్రీనాథుడి పేరుతో ఉన్న ‘పల్నాటి వీరచరిత్ర’ వల్ల, వీరవిద్యావంతులు పాడే కథల వల్ల జనం నోళ్లలో నిలిచిన గాథ. అందులో బ్రహ్మనాయుడు కులాల గోడలు దాటి అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు ఉంది. ‘మాలపిల్ల’ తీసిన చెయ్యి చాపకూడు దగ్గరికి చేరడం సహజమైన ప్రయాణం.

తారాగణం కూడా కథకు తగినట్టే కుదిరింది. బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడిగా యువకుడైన అక్కినేని నాగేశ్వరరావు, మాంచాలగా ఎస్. వరలక్ష్మి నటించారు. సంగీతం గాలిపెంచల నరసింహారావు. నిర్మాణం సాగుతుండగా రామబ్రహ్మం ఆరోగ్యం దెబ్బతింది. 1946 అక్టోబరు 1న ఆయన మరణించారు. అప్పటికి నలభై నాలుగేళ్లు.

చిత్రాన్ని పూర్తి చేసినవారు ఎల్.వి. ప్రసాద్. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1908లో పుట్టి, బొంబాయి చేరి, తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’లో చిన్న వేషం వేసినవారు. తెలుగు టాకీల మొదటి రోజుల నుంచీ ఏదో ఒక పని చేస్తూ వచ్చినా దర్శకుడిగా ఆయనకు గుర్తింపు తెచ్చింది 1946 నాటి ‘గృహప్రవేశం’. అది నవ్వులు పూయించే సాంఘికం. దాని వెంటనే కత్తులు, కోడిపందెం, వీరమరణాలతో నిండిన కథను, అదీ మరొకరు సగం నడిపిన దాన్ని అందుకోవడం చిన్న పరీక్ష కాదు. ప్రసాద్ అందులో నెగ్గారు. 1947లో చిత్రం విడుదలైంది. సినిమా చరిత్ర పుస్తకాలు దాని పక్కన ఇద్దరి పేర్లూ రాస్తాయి. బాలచంద్రుడి పాత్ర అక్కినేనికి వీరుడి రూపం ఇచ్చింది. ప్రసాద్ ఆపైన ‘ద్రోహి’, ఎన్.టి. రామారావు తొలిసారి తెర మీద కనిపించిన ‘మనదేశం’ (1949), విజయా వారి ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ తీసి తెలుగు సాంఘిక చిత్రానికి పెద్దదిక్కయ్యారు. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది.

రామబ్రహ్మానికి వెన్నుదన్నుగా నిలిచిన చల్లపల్లి రాజా తర్వాతి కాలంలో హైదరాబాదు అమీర్‌పేటలో సారథి స్టూడియో కట్టారు. నగరంలో అదే తొలి ఫిల్మ్ స్టూడియో. అక్కడ రూపొందిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) దర్శకుడు గుత్తా రామినీడు. ఆ రామినీడే 1966లో ఎన్.టి. రామారావు, భానుమతిలతో ‘పల్నాటి యుద్ధం’ మళ్లీ తీశారు.

రేచుక్క, లవకుశ

నెల్లూరు ప్రాంతం నుంచి వచ్చిన ఘంటసాల బలరామయ్య ప్రతిభా సంస్థ అధిపతి. 1944లో విజయవాడ రైల్వేస్టేషనులో అక్కినేనిని చూసి ‘సీతారామ జననం’లో రాముడి వేషం ఇచ్చింది ఆయనే. ‘బాలరాజు’ (1948) ఆయన ఘనవిజయం. ఎన్.టి. రామారావు, అంజలీదేవిలతో ‘రేచుక్క’ తీస్తుండగా 1953లో మరణించారు. పి. పుల్లయ్య ఆ జానపదాన్ని పూర్తి చేశారు. అక్కినేని మొట్టమొదట కనిపించిన ‘ధర్మపత్ని’ (1941) దర్శకుడు కూడా పుల్లయ్యే.

‘లవకుశ’ (1963)ను ఈ కోవలో చేర్చడం సరికాదు, కానీ పక్కనే పెట్టి చూడాలి. అదే కథను 1934లో తీసిన సి. పుల్లయ్య 1950ల చివర్లో దాన్ని రంగుల్లో మళ్లీ మొదలుపెట్టారు. డబ్బు చాలక నిర్మాణం ఏళ్ల తరబడి ఆగింది. తిరిగి మొదలయ్యేసరికి ఆయన ఆరోగ్యం సహకరించలేదు. కొడుకు సి.ఎస్. రావు పగ్గాలు అందుకున్నారు. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రంగా అది 1963 మార్చి 29న విడుదలైంది. సి. పుల్లయ్య దాని విజయాన్ని కళ్లారా చూశారు, 1967లో కన్నుమూశారు. ఒకరి చేతిలోని పనిని, ఆయన బతికుండగానే అతుకు తెలియకుండా కొనసాగించడం సి.ఎస్. రావు అక్కడే నేర్చుకున్నారనుకోవచ్చు. ఆ నేర్పు పదమూడేళ్ల తర్వాత మళ్లీ అక్కరకొచ్చింది.

అల్లూరి సీతారామరాజు

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువగా తలుచుకునే ఉదంతం ఇదే. కథానాయకుడు కృష్ణకు నూరో సినిమా. ఆయన సొంత సంస్థ పద్మాలయాకు ప్రతిష్ఠాత్మకం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. మన్యం వీరుడు బలైన 1924 మే నెలకు సరిగ్గా యాభై ఏళ్లు నిండే వేళకు విడుదల చేయాలన్న సంకల్పం కూడా దాని వెనుక ఉంది.

దర్శకుడు వి. రామచంద్రరావుకూ కృష్ణకూ అనుబంధం పాతది. 1968 నాటి ‘అసాధ్యుడు’లో ఒక అంతర్నాటకం కోసం కృష్ణ చేత సీతారామరాజు వేషం వేయించింది రామచంద్రరావే. ఆ కొద్ది నిమిషాల వేషమే పూర్తి సినిమా కోరికకు విత్తనం. 1973లో ఎన్.టి. రామారావు, కృష్ణ కలిసి నటించిన ‘దేవుడు చేసిన మనుషులు’ కూడా ఆయన తీసిందే. త్రిపురనేని మహారథి రచన, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం, పి. ఆదినారాయణరావు సంగీతం సమకూరాయి. బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య, సీతగా విజయనిర్మల నటించారు. యూనిట్ విశాఖ మన్యంలోని చింతపల్లికి తరలింది.

షూటింగు సాగుతుండగానే రామచంద్రరావు జబ్బుపడ్డారు. 1974 ఫిబ్రవరిలో మరణించారు. విడుదల తేదీకి మూడు నెలలు కూడా లేవు. మిగిలిన పోరాట సన్నివేశాలను కె.ఎస్.ఆర్. దాస్ చేతికి ఇచ్చారు. పద్మాలయాకే ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) తీసిపెట్టిన దాస్‌కు గుర్రాలు, తుపాకులు, కొండదారులు కొట్టిన పిండి. మిగతా సన్నివేశాలను కృష్ణ తానే చిత్రీకరించారు. స్కోప్ తెర బాగా వెడల్పు. మనుషులను ఎక్కడ నిలబెట్టాలో, ఖాళీని దేనితో నింపాలో అప్పటికి తెలుగులో ఎవరికీ అనుభవం లేదు. మొదటి నుంచి చివరిదాకా కెమెరా వెనుక స్వామే ఉండటం వల్ల చిత్రానికి ఒకే చూపు దక్కింది. ఇద్దరు ముగ్గురు చేతులు మారినా బొమ్మ చెదరలేదు.

1974 మే 1న సినిమా విడుదలైంది. దర్శకుడిగా వి. రామచంద్రరావు పేరే వేశారు. సొంత సంస్థ, సొంత డబ్బు, నూరో సినిమా, తెర మీద సీతారామరాజు తానే. ఆ స్థితిలో తన పేరు కూడా చేర్చుకుంటే కృష్ణను తప్పుపట్టేవారు ఉండరు. ఆయన ఆ పని చేయలేదు, దాస్ కూడా కోరుకోలేదు. తెలుగు సినిమా చరిత్రలో గౌరవంగా చెప్పుకోవలసిన నిర్ణయం అది. ఆ చిత్రానికి శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం దక్కింది. కృష్ణ తర్వాతి కాలంలో దర్శకుడిగా ‘సింహాసనం’ (1986) తీశారు, అది తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం.

మహాకవి క్షేత్రయ్య

కృష్ణను ‘తేనెమనసులు’ (1965)తో కథానాయకుణ్ని చేసిన ఆదుర్తి సుబ్బారావు పోవడం కూడా సినిమా మధ్యలోనే. ‘తోడికోడళ్ళు’, ‘మాంగల్యబలం’, ‘వెలుగునీడలు’, ‘మూగమనసులు’, ‘సుడిగుండాలు’ తీసిన ఆయన చివరి రోజుల్లో అంజలీదేవి, ఆదినారాయణరావు దంపతుల సంస్థకు మువ్వగోపాల పదకర్త కథ చేపట్టారు. క్షేత్రయ్య అక్కినేని. చిత్రం సగంలో ఉండగా 1975 అక్టోబరు 1న ఆదుర్తి మరణించారు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట రామబ్రహ్మం పోయిందీ అదే తేదీన. బాలచంద్రుడి వేషంతో ఒక దర్శకుణ్ని పోగొట్టుకున్న అక్కినేని, క్షేత్రయ్య వేషంతో ఇంకొకరిని పోగొట్టుకున్నారు.

ఈసారి పిలుపు సి.ఎస్. రావుకు వెళ్లింది. ‘లవకుశ’ను తండ్రి కోసం ముగించిన మనిషి ‘క్షేత్రయ్య’ను ఆదుర్తి కోసం ముగించారు. ఆదుర్తి సాంఘిక చిత్రాల దిట్ట, రావు పౌరాణికాల్లో పండినవారు. భక్తి, శృంగారం కలగలిసిన పదకర్త జీవితానికి ఆ ఇద్దరి నేర్పూ అవసరమైంది. 1976లో చిత్రం విడుదలైంది.

మరో రెండేళ్లకు ‘కరుణామయుడు’ దర్శకుడు ఎ. భీంసింగ్ 1978 జనవరిలో కన్నుమూశారు, సినిమా ఆ ఏడాది చివర్లో వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ స్థాయి ఉదంతాలు అరుదు.

ఇతర భాషల్లో

కన్నడంలో పుట్టణ్ణ కణగాల్ 1985లో మరణిస్తే ‘మసణద హూవు’ను కె.ఎస్.ఎల్. స్వామి పూర్తి చేశారు. ‘మొఘల్-ఎ-ఆజమ్’ తీసిన కె. ఆసిఫ్ 1971లో పోయాక ‘లవ్ అండ్ గాడ్’ వెలుగు చూడటానికి 1986 దాకా పట్టింది. అందుకు ఆయన భార్య పూనుకున్నారు. అప్పటికి కథానాయకుడు సంజీవ్ కుమార్ కూడా లేరు. ఆర్సన్ వెల్స్ 1970లలో తీసి వదిలిన ‘ది అదర్ సైడ్ ఆఫ్ ద విండ్’ ఆయన పోయిన 33 ఏళ్లకు, 2018లో ప్రేక్షకులకు చేరింది. పోలండ్ దర్శకుడు ఆంద్రె ముంక్ 1961లో కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు సహచరులు వేరే దారి తొక్కారు. ‘ప్యాసెంజర్’లో ఆయన తీయని చోట్ల కొత్త సన్నివేశాలు కల్పించలేదు. నిశ్చల చిత్రాలు పెట్టి, వ్యాఖ్యానం చదివించి, లోటును లోటుగానే చూపించి 1963లో విడుదల చేశారు. అతుకు కనపడకుండా కుట్టడం మన పద్ధతి, అతుకును చూపించడం వాళ్లది.

నేటి పరిస్థితి

పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాదు చేరాక పని తీరు మారింది, సెట్లతో పాటు బయటి ప్రదేశాల్లోనూ తీస్తున్నారు. సెట్టు కూలిస్తే మళ్లీ కట్టడం కష్టం కానీ, ఊరు, గుడి, కోనేరు ఎక్కడికీ పోవు. కాటేదాన్ దాటి శంషాబాద్ వైపు వెళ్తే నర్కుడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. ఎత్తైన గోపురం, మెట్ల కోనేరు ఉన్న ఆ చోట ఎన్నో తెలుగు చిత్రాలకు షూటింగు జరిగింది. అలాంటి చోట ఆగిన సన్నివేశాన్ని నెలల తర్వాత కూడా అందుకోవచ్చు, వెలుతురు కలిస్తే చాలు. సెట్టులోని మానిటర్ మీద ప్రతి షాట్‌నూ యూనిట్ అంతా చూస్తున్నందువల్ల దర్శకుడి ఆలోచన సహాయకులకు చాలావరకు తెలిసే ఉంటుంది.

తార పోయినప్పుడు మాత్రం ఈ వెసులుబాటు లేదు. నందమూరి బాలకృష్ణ స్వీయ దర్శకత్వంలో మొదలైన ‘నర్తనశాల’ 2004 ఏప్రిల్‌లో సౌందర్య మరణంతో ఆగిపోయింది. ఆమె స్థానంలో మరొకరిని పెట్టి ముగించలేదు. పదహారేళ్లు దాచి ఉంచి, 2020 అక్టోబరులో, తీసినంత మేరకే 17 నిమిషాల నిడివితో ఆన్‌లైన్‌లో విడుదల చేశారు. అప్పటికి భీముడి వేషం వేసిన శ్రీహరి కూడా లేరు. అందులో ద్రౌపది సౌందర్యే.